ఎలుకలు కొరికిన గింజలు

మా గైడ్ గారి బల్ల మీద ఒక గాజు సీసా ఉండేది. దాన్నిండా మసూరు గింజలు, బఠానీలకి తమ్ముళ్ళలా బలిసినవి. గదిలోకి ఎవరొచ్చినా, ఎరువుల కంపెనీ మనిషి కానీ, ఆడిట్‌కి వచ్చిన గుమాస్తా కానీ, ఆయన మూత తీసి నాలుగు గింజలు వాళ్ళ అరచేతిలో పోసేవారు. "సైజు చూడండి" అనేవారు. వాళ్ళు చూసి తల ఊపేవాళ్ళు. గింజ పెద్దదైనంత మాత్రాన మెచ్చుకోవాల్సింది ఏముందో వాళ్ళకీ తెలీదు, ఆయనకీ తెలీదు. నేను ఆయన్ని 'గారు' అని రాయడం పెంపకం వల్ల వచ్చిన అలవాటు. గౌరవం అనుకోవద్దని ముందే మనవి.

తొంభైల చివర్లో, బెంగళూరు శివార్లలో కాడుగోడి దాటాక ఉన్న ఒక చిన్న పప్పుధాన్యాల పరిశోధన క్షేత్రంలో నేను ఎమ్మెస్సీ థీసిస్ చేశాను. మసూరులో గింజ పరిమాణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎలా వస్తుందన్నది నా విషయం. బెంగళూరు చుట్టుపక్కల మసూరు ఎవరూ పండించరు. ఇక్కడ రాగి, అవరె చిక్కుడు, కంది. మసూరు ఉత్తరాది పంట. మరి ఇక్కడెందుకు ఆ పరిశోధన అంటే, మా గైడ్ గారు ఎప్పుడో శిక్షణకని విదేశం వెళ్ళి, అక్కడివాళ్ళు సూపులో వేసుకునే పెద్ద మసూరు గింజలు చూసి మతిపోయి, వస్తూ ఒక పొట్లం విత్తనం తెచ్చుకున్నారు. ఆ పొట్లమే ఆయన ఉద్యోగం, ఆయన ప్రమోషన్లు, ఆయన ఉపన్యాసాలు. ఒక మనిషి ఒక పొట్లం మీద ఇన్నేళ్ళు బతకొచ్చని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలీదు.

మా ఇల్లు బెంగళూరు అక్కిపేటలో. నాలుగు తరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళం. నాయనది బేడల అంగడి, అంటే పప్పుల కొట్టు. మసూరుని మా వాళ్ళు చన్నంగి బేడలు అంటారు. అంగట్లో దాని మూట ఎప్పుడూ ఉండేది, ఎర్రగా, నిండుగా. ఇంట్లోకి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. ఆ ఎరుపు మాంసం రంగని మా అవ్వ పట్టుదల.

"అమ్మేదానికి లేని దోషం తినేదానికి ఎట్ల వచ్చిందవ్వా?" అని ఒకసారి అడిగాను.

"అమ్మితే ఊరోళ్ళ కడుపులోకి పోతాది. తింటే మన కడుపులోకి వస్తాది. ఇంత సదువు సదివి అదీ తెలీదా నీకి?" అంది అవ్వ.

నా థీసిస్ దాని మీదే అని తెలిశాక ఆమె నన్ను కొంతకాలం అనుమానంగా చూసింది. సాయంత్రం ఇంటికి రాగానే, "సంచీలో ఏమన్నా తెచ్చినావా?" అని గుమ్మం దగ్గరే తనిఖీ. "దులుపుకోని రా" అనేది. నేను దులుపుకుని వెళ్ళేదాన్ని. ఇంట్లో అవ్వని ఎదిరించే ధైర్యం నాకు లేదు. ఎక్కడా ఎవరినీ ఎదిరించే ధైర్యం లేదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నేను నేల చూస్తాను. ఆ సమయంలో లోపల ఏం జరుగుతుందో చూసేవాళ్ళకి తెలీదు. అది రాత్రి డైరీలోకి వెళ్తుంది.

చిన్నప్పటి నుంచీ నా స్నేహాలన్నీ పుస్తకాలతోనే. అక్కడా అంతే. క్షేత్రంలో ఒక గదిని లైబ్రరీ అనేవాళ్ళు. పాత జర్నళ్ళు గోనెపట్టా అట్టలతో కుట్టి పెట్టి ఉండేవి. వాటి మీద దుమ్ము చూస్తే, వాటిని ఎవరు ఎన్నేళ్ళ కిందట ముట్టుకున్నారో చెప్పొచ్చు. నేను తప్ప ఆ గదిలోకి వచ్చే మరో మనిషి మా సీనియర్. అతను వచ్చేది మధ్యాహ్నం భోజనం తర్వాత బెంచీ మీద కాసేపు పడుకోవడానికి.

ఈ సీనియర్ గురించి చెప్పాలి. మా గైడ్ గారి దగ్గర ఎన్నేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడో అతనికే గుర్తులేదు. గైడ్ గారి టూర్ బిల్లులు రాసేవాడు, వాళ్ళ ఇంటి గ్యాస్ బుక్ చేసేవాడు, వాళ్ళబ్బాయిని స్కూల్ నుంచి స్కూటర్ మీద తెచ్చేవాడు. మిగిలిన సమయంలో శాస్త్రవేత్త. నేను అతన్ని 'అన్నా' అనేదాన్ని. అతను నన్ను 'ఏమ్మా' అనేవాడు. అంతకు మించి నా పేరు తెలుసుకునే అవసరం అతనికి కలగలేదు.

మా గైడ్ గారికి ఒక సిద్ధాంతం ఉండేది. పెద్ద గింజ మొక్కని తల్లిగా, చిన్న గింజ మొక్కని తండ్రిగా పెట్టి సంకరం చేస్తే, పుట్టిన మొక్కలు పెద్ద గింజలే కాశాయి. కాబట్టి పెద్దతనానిదే పైచేయి, చిన్నతనం దాని కింద అణిగిపోతుంది. ఆయన దీన్ని రెండు మూడు చోట్ల అచ్చు వేయించారు. పాఠం చెబుతూ, అక్కడితో ఆగక మనుషుల దాకా వచ్చేవారు. ఆయన స్వయంగా పెద్ద మనిషి, ఎత్తులోనూ వెడల్పులోనూ.

"ప్రకృతిలో పెద్దదే గెల్చేది" అని, క్లాసులో నా వైపు చూసి, "నిన్ను చూడమ్మా, విత్తితే పిచ్చుకలు ఎత్తుకుపోతాయి" అనేవారు. సీనియర్ గట్టిగా నవ్వేవాడు. గైడ్ గారి హాస్యానికి నవ్వడం కూడా పీహెచ్‌డీలో భాగమే.

ఆ సంకరాలు చేసింది ఈ సీనియరే. ఎట్లా చేశాడో నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మసూరు పువ్వు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. అది విచ్చుకోకముందే, మొగ్గలోనే, తన పుప్పొడిని తన మీదే రాల్చుకుంటుంది. ఎవరితోనూ పనిలేని పువ్వు. నాకు నచ్చింది. దాన్ని సంకరం చెయ్యాలంటే ఇంకా గట్టి మొగ్గగా ఉండగానే, సాయంత్రం పూట, సన్నటి పట్టకారుతో రేకులు విప్పి లోపలి కేసరాలు ఒక్కొక్కటే తీసెయ్యాలి. మర్నాడు పొద్దున వేరే రకం పుప్పొడి తెచ్చి అంటించాలి. చెయ్యి కాస్త బరువుగా పడితే మొగ్గ రాలిపోతుంది. వంగి వంగి మెడ పట్టేస్తుంది. చిన్న గింజ రకం పువ్వు మరీ చిన్నది. అందుకని ఆ ల్యాబులో ఎప్పుడూ పెద్ద గింజ మొక్కనే తల్లిగా పెట్టేవాళ్ళు. బద్ధకానికి శాస్త్రంలో వేరే పేరుంటుంది, సౌలభ్యం అంటారు.

మా సీనియర్‌కి సాయంత్రాలు తీరిక ఉండేది కాదు, గైడ్ గారి అబ్బాయి స్కూల్ ఉండేది. అందువల్ల అతను పొద్దున కాఫీ తాగి, పేపరు చదివి, ఎండ ముదిరాక నెట్‌హౌస్‌లోకి వచ్చి, బాగా విచ్చుకున్న అందమైన పువ్వులు చూసుకుని వాటిలో కేసరాలు తీసేవాడు. అప్పటికి ఆ పువ్వు పని ఆ పువ్వు ముగించుకుని ఉంటుంది. తర్వాత అతను ఏ పుప్పొడి అంటించినా ఒకటే, నుదుటికి బొట్టు పెట్టినా ఒకటే.

"మొగ్గలో తియ్యాలి కదన్నా?" అని మొదట్లో ఒకసారి అన్నాను.

"మొగ్గలో కనబడదమ్మా. ఇట్లయితే నీట్‌గా వస్తుంది" అన్నాడు.

నేను నేల చూశాను.

నా సంకరాలు నేను మొదటి చలికాలంలో రెండు వైపులా చేశాను, పెద్దది తల్లిగా కొన్ని, చిన్నది తల్లిగా కొన్ని. సాయంత్రం బస్సు తప్పిపోయేది. కాడుగోడిలో రోడ్డు పక్కన నిలబడి, కంకర లారీల దుమ్ములో తర్వాతి బస్సు కోసం చూసేదాన్ని. అప్పట్లో ఆ దారంతా సర్వి తోపులు కొట్టేసి పునాదులు తవ్వుతున్నారు. రెండో చలికాలం ఆ సంకరం గింజలు విత్తి మొక్కలు పెంచుతున్నప్పుడు, ఇంటికెళ్తే నాయన అలిగినట్టు కూర్చునేవాడు. "ఇది కడా సంవత్సరం పాపా" అనేవాడు. "ఈ చలికాలం లోపల ముగించుకో. మళ్ళీ ఇంకొక చలికాలం అంటే నా చేత కాదు. సుట్టాలకి జవాబు చెప్పలేకున్నా." నాయన మాట తప్పే మనిషి కాదు, మంచికైనా చెడుకైనా. మసూరు ఇక్కడ చలికాలంలో మాత్రమే కాస్తుంది. నా థీసిస్ ఆ ఏడాది పాస్ కాకపోతే నా చదువు అక్కడితో సరి. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

నా సంకర మొక్కలు కాయలు ఎండాక నేను గింజలు తూచాను. తల్లి ఎవరైనా సరే, రెండు వైపుల సంకరాలూ మధ్యరకం గింజలే కాశాయి. మధ్యరకం అన్నా కూడా చిన్నదాని వైపే మొగ్గు. అంటే చిన్నతనం అణిగిపోలేదు. పైగా కాస్త పైచేయి దానిదే. నేను మళ్ళీ తూచాను. తక్కెడ తుడిచి మళ్ళీ తూచాను. తర్వాత ఆ గింజల్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. సంతోషం కంటే భయమే ఎక్కువ. ఈ సంగతి ఒక మనిషికి చెప్పాలి కదా.

గైడ్ గారు నా కాగితాలు చూడలేదు. గింజలు చూశారు.

"ఏమ్మా ఇది? ఇంత చిన్నవి యాల వచ్చినాయి?"

"రెండు వైపులా అట్లే వచ్చినాయి సార్."

"వచ్చేదానికి లేదు. పెద్ద తల్లికి ఇట్లాంటివి పుట్టవు. పన్నెండేళ్ళుగా చూస్తా ఉండా." సీసా వైపు చెయ్యి చూపారు, అదేదో సాక్షి అన్నట్టు. "గింజలు కలిపేసినావు నువ్వు. ఇది మీ నాయన అంగడి కాదమ్మా, ఆ మూటలోది ఈ మూటలో కలిపి అమ్మేదానికి."

సీనియర్ పక్కనే ఉన్నాడు. "పాపం, పుట్టినింటి అలవాటు సార్" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

మా నాయన ఏ మూటనీ ఏ మూటలోనూ కలిపే మనిషి కాదు. ఆ మాట ఆ రాత్రి డైరీలోకి వెళ్ళింది. గైడ్ గారు తీర్పు చెప్పారు. ఈ గింజలు పనికిరావు. వచ్చే చలికాలం మళ్ళీ సంకరం చెయ్యాలి. లేదంటే సీనియర్ దగ్గరున్న పాత లెక్కలు తీసుకుని, వాటితో థీసిస్ రాసేసుకోవచ్చు, ఆయన సంతకం పెడతారు. "నీకి ఏది సులువో చూసుకో" అన్నారు, ఎంతో ఉదారంగా. ఆయన ఉదారత ఎప్పుడూ ఇంకొకరి సొమ్ముతోనే.

వారం పది రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే తేడా తెలిసే చోటు కాదది.

అప్పుడు విత్తనాల గదిలో ఎలుకలు పడ్డాయి. చెక్క బీరువాలో పొట్లాలన్నీ కొరికేసి, నేలంతా పొట్టూ పప్పు ముక్కలూ. శుభ్రం చేసి కొత్త కవర్లలో కట్టమని నాకు చెప్పారు. అంగడి పిల్లవి కదా, పొట్లాలు బాగా కడతావని సీనియర్ అన్నాడు. బాగానే కడతాను. ఒక్కో పాత పొట్లం విప్పి, ఎలుక తిన్నంత తినగా మిగిలింది ఏరుతున్నాను. అందులో ఒకటి సీనియర్ చేసిన పాత సంకరాల్లో విత్తకుండా మిగిలిన గింజలది. పై పొట్టు పెద్ద రకానిది, లేత ఆకుపచ్చ. సగం కొరికి వదిలేసిన గింజల్లో లోపలి పప్పు కనబడుతోంది. పసుపు రంగు.

నేను చన్నంగి బేడల మూట పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకున్నదాన్ని. ఆ పప్పు ఎరుపు. పసుపు చన్నంగి బేడలు నేను పుట్టి చూడలేదు. పక్కనే సీసాలోని పెద్ద రకం పొట్లం, విదేశీ తల్లిది. దాన్నీ ఎలుక వదల్లేదు. అందులోనూ పసుపు. చిన్న గింజ తండ్రి పొట్లంలో చూశాను. ఎరుపు, మా అంగట్లో లాగా.

చేతిలో చీపురుతో అట్లాగే నిలబడిపోయాను. ఇది అర్థం కావడానికి శాస్త్రం కొంచెం చాలు. గింజ పై పొట్టు తల్లి శరీరంలోది. తల్లి పెద్దదైతే సంకరం జరిగినా జరగకపోయినా ఆ పొట్టు తల్లి పొట్టులాగే ఉంటుంది. లోపలి పప్పు మాత్రం పుట్టిన బిడ్డ. అది తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చెందింది. మసూరులో ఎరుపు పసుపుని కమ్మేస్తుందని లైబ్రరీలో ఆ గోనెపట్టా పుస్తకాల్లో నేను చదివి ఉన్నాను. పసుపు తల్లికి ఎర్ర తండ్రి పుప్పొడి నిజంగా అంటి ఉంటే, ఆ గింజ లోపల అప్పటికప్పుడే ఎరుపు కనబడాలి. పసుపు ఉందంటే తండ్రే లేడు. మొగ్గలోనే తనతో తాను పని ముగించుకున్న పువ్వు బిడ్డ అది. తల్లి లాంటి బిడ్డ తల్లి లాంటి గింజలు కాయక ఇంకేం కాస్తుంది? పన్నెండేళ్ళ సిద్ధాంతం అదే.

నా సంకరాల్లో కొన్ని గింజలు విత్తకుండా దాచాను. పెద్ద తల్లి నుంచి వచ్చిన వాటిని బ్లేడుతో అంచున కొద్దిగా గీరాను. బయట పెద్ద గింజ పొట్టు, లేత ఆకుపచ్చ. లోపల ఎరుపు. పొట్టు తల్లెవరో చెబుతోంది, పప్పు తండ్రెవరో చెబుతోంది. ఏ మూటలోనుంచి తెచ్చి కలిపినా అలాంటి గింజ దొరకదు. ఈ భూమ్మీద అలాంటివి నేను పుట్టించినవే.

ఎందుకు ఎవరూ ఇన్నేళ్ళూ చూడలేదంటే జవాబు తేలిక. సంకరం గింజని పగలగొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు, అంత కష్టపడి చేసింది కాబట్టి. పోనీ ఆ పెద్ద గింజల్ని వండైనా చూశారా? మా గైడ్ గారి ఇంట్లోనూ చన్నంగి బేడలు నిషిద్ధమే. సీనియర్ ఇంట్లోనూ అంతే. ఆ పంట మీద బతికే ఇంతమంది ఒక్క పూట దాన్ని పొట్టు తీసి ఉడకబెట్టి ఉంటే, పప్పు పసుపుగా ఎందుకుందని ఇంట్లో ఆడవాళ్ళైనా అడిగి ఉండేవాళ్ళు. పప్పు మీద పేరు తెచ్చుకున్న మనుషులకి ఆ పప్పు రంగు తెలీదు. మొత్తం క్షేత్రంలో గింజ లోపలికి చూసింది ఎలుక ఒక్కటే. ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను, మా విభాగంలో అసలు పరిశోధకులు బీరువా కింద కాపురం ఉంటున్నారని.

మర్నాడు రెండు గాజు పళ్ళేల్లో గింజలు పెట్టుకుని గైడ్ గారి గదికి వెళ్ళాను. ఒకదాంట్లో ఎలుకలు కొరికిన పాతవి, ఒకదాంట్లో గీరిన నావి. ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకున్నాను. లోపలికి వెళ్ళేసరికి సగం పోయింది.

"సార్, పాత సంకరాల్లో పప్పు పసుపు ఉండాది. నావాటిలో ఎరుపు."

ఆయన పళ్ళేల వైపు చూశారు. కొంచెం ఎక్కువసేపే చూశారు. అర్థమైంది ఆయనకి. అర్థం కాలేదని నేను అనను. ఆ క్షణం తర్వాత ముఖంలో ఏదో తలుపు మూసుకున్నట్టయింది.

"పాతబడితే రంగు పోతాదమ్మా. బేడల అంగడి వాళ్ళ పిల్లవి, అది తెలీదా?"

"అదే వయసు చిన్న గింజలు అదే బీరువాలో ఉండాయి సార్. అవి ఎర్రగానే…"

"ఎలుకలు కొరికింది పట్టుకోని థీసిస్ రాస్తావా నువ్వు? నలుగురు నవ్వుతారు." సీనియర్‌ని పిలిచారు. "ఆ పాత పొట్లాలు యాల పెట్టుకోనుండాము? ఎలుకలు ముట్టినవి. పారేయండప్పా."

సీనియర్ ఆ మధ్యాహ్నమే పారేశాడు. పని చెప్పిన రోజే అతను చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. నేను మాత్రం ఆ రెండు పళ్ళేలూ తిరిగి తెచ్చుకున్నాను, వాటిని ఎవరూ అడగలేదు.

థీసిస్ నా గింజలతోనే రాశాను. ధైర్యం వచ్చి కాదు. వచ్చే చలికాలం అనేది నాకు లేదు, సీనియర్ లెక్కలు నా చేత్తో రాయలేను. వేరే దారి ఏదీ లేకపోవడమే నాకు ధైర్యంలా పనికొచ్చింది. పప్పు రంగు సంగతి ఒక అధ్యాయంగా పెట్టాను, దాచలేదు, విషయసూచికలో కూడా వేశాను. గైడ్ గారు చదివితే కొట్టేస్తారని తెలుసు. కానీ ఆయన థీసిస్‌లు చదవరని కూడా తెలుసు. ఆయన చదివేది మొదటి పేజీ, కృతజ్ఞతలు. దాన్ని మాత్రం ఎర్ర కలం పట్టుకుని శ్రద్ధగా చదువుతారు. నేను 'మార్గదర్శకులు' అని రాస్తే 'నిరంతర మార్గదర్శకులు' అని దిద్ది, సంతకం పెట్టి పంపించారు.

వైవాకి పరీక్షకుడిగా గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆ రోజు గైడ్ గారు కొత్త చొక్కా వేసుకున్నారు. సీనియర్ పొద్దుట్నుంచీ భోజనం ఏర్పాట్లలో తిరుగుతున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడి, నా గొంతు నాకే వినబడనంత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. పెద్దాయన చేత్తో ఆపారు.

"అమ్మాయ్, కాస్త ఇటు దగ్గరికి రా. ఇదిగో, ఇక్కడ. మీ గైడ్ గారు పెద్ద గింజదే పైచేయి అని రాశారు. నువ్వేమో కాదంటున్నావు. మరి ఆయన మొక్కలు పెద్ద గింజలు ఎట్లా కాశాయంటావ్?"

గైడ్ గారు నా వైపు చూస్తున్నారు. ఆయనకి ఆ అధ్యాయం అక్కడుందన్న సంగతి అప్పుడే తెలిసింది. నేను అలవాటు ప్రకారం నేల చూశాను. నేల మీద గచ్చు పగుళ్ళు. వాటిని చూస్తూనే చెప్పాను.

"ఆ గింజలకి తండ్రి లేడు సార్."

"ఏంటీ?"

"అవి సంకరాలు కావు సార్. తల్లి ఒక్కటే. లోపల పసుపు ఉంది." పళ్ళేలు సంచీలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. "నావి ఇవి. తల్లి పొట్టు, తండ్రి రంగు."

పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి, ఒక గింజ గోటితో తీసుకుని వెలుగులో పెట్టి చూశారు. తర్వాత ఇంకొకటి. పెదవుల మూల నవ్వు వచ్చింది, దాన్ని మర్యాద కోసం దగ్గులోకి మార్చారు. గైడ్ గారి వైపు తిరిగారు. గైడ్ గారు అప్పటికే తేరుకున్నారు. అంత పెద్ద శరీరం అంత త్వరగా దిశ మార్చుకోగలదని నేను అనుకోలేదు.

"నేనే చూడమన్నా సార్ పిల్లని. పాతవాటిలో ఏదో అనుమానంగా ఉండె. సైన్స్‌లో మన తప్పు మనమే దిద్దుకోవాల కదా."

"అదీ గైడెన్స్ అంటే!" అన్నారు పెద్దాయన. ఆయన ఆ మాట నమ్మారో, భోజనం చల్లారిపోతుందని అన్నారో నాకు తెలీదు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నన్ను బయట నిలబడమన్నారు. లోపల కాసేపు నవ్వులు. సీనియర్ తలుపు తీసి, "అయిందమ్మా, పాస్" అని చెప్పి, అన్నం వడ్డించడానికి పరుగెత్తాడు.

మెట్ల మీద కూర్చున్నాను. గెలిచినట్టు అనిపించాలి, అనిపించలేదు. ఒక గదినిండా ఉన్న అబద్ధం ఎంత తేలిగ్గా ఇంకో అబద్ధంగా మారి హాయిగా భోజనానికి కూర్చుందో చూశాక, గెలుపు అన్న మాట కూడా ఎంగిలిగా తోచింది. అయినా డిగ్రీ నాది, నా గింజలతో వచ్చింది. దానికి ఎవరి లెక్కలూ అప్పు తెచ్చుకోలేదు.

తర్వాతి సంవత్సరం ఆ ఫలితం ఒక జర్నల్‌లో వచ్చింది. చిన్న గింజకి పాక్షికంగా పైచేయి అని. మొదటి పేరు గైడ్ గారిది, రెండోది సీనియర్‌ది. నా పేరు కూడా ఉంది, చివర్న, ఒక అక్షరం తప్పుతో. దాన్ని దిద్దమని నేను అడగలేదు. సీసాలో పెద్ద గింజలు మాత్రం మారలేదట. ఇప్పుడు సందర్శకులకి "చిన్నతనం ఎంత బలమైందో చూడండి" అని అవే గింజలు చూపిస్తున్నారని విన్నాను. నేను ఇప్పుడు కుందలహళ్ళిలో ఒక చిన్న ఆఫీసులో, ఎవరెవరో రాసిన శాస్త్ర వ్యాసాలు సరిచూసే పని చేస్తున్నాను. రోజుకొక పెద్ద గింజ సిద్ధాంతం చదువుతాను. వాటి లోపల ఏ రంగుందో గీరి చూడమని మాత్రం నాకు జీతం ఇవ్వరు.

డిగ్రీ కాగితం తీసుకోవడానికి వెళ్ళిన రోజు గైడ్ గారు పిలిపించారు. గదిలో చాలా ఆప్యాయంగా కూర్చోబెట్టారు. ఇంతకు ముందు ఆయన నన్ను కూర్చోమనలేదు.

"పీహెచ్‌డీకి సీటు ఉండాది. నా దగ్గరే చేరు. ఈ పప్పు రంగు విషయమే ఇంకా లోతుగా చేద్దాము. నీ చెయ్యి మంచి చెయ్యమ్మా, మొగ్గలు రాలవు."

మంచి చెయ్యి. వాళ్ళకి కావాల్సింది అదే, మెడ వంచుకుని సాయంత్రాలు పనిచేసే ఒక చెయ్యి. పైన తల ఉండకపోతే ఇంకా మంచిది. నాకు ఇంకా చదవాలని ఉండేది, అది నిజం. నాయన కూడా ఇక అడ్డు చెప్పడు, సుట్టాలకి చూపించడానికి పాసైన కాగితం వచ్చింది కాబట్టి. ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని, ఇంకో నాలుగైదు చలికాలాలు ఆ నవ్వుకి నవ్వుతూ, ఆ కృతజ్ఞతల పేజీలో విశేషణాలు పెంచుతూ ఎట్లా ఉంటుందో ఊహించాను.

"వద్దు సార్" అన్నాను.

నా జీవితంలో అంత గట్టిగా నేను మాట్లాడిన మాట అదే అనుకుంటాను. బయట టైపు కొడుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"వద్దా? యాల వద్దు?"

కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ వరసగా, డైరీలో రాసుకున్నవి. ఒక్కటీ చెప్పాలనిపించలేదు. ఈయన గదిలో ఈయన మీద ఖర్చు పెట్టేసేటంత చవకవి కావు నా మాటలు. ఆయన కాసేపు నన్ను చూశారు, ఆలోచించారు, ఆయన బుర్రకి తట్టగలిగిన ఒకే ఒక్క కారణం తట్టింది. ముఖం విప్పారింది.

"ఓహో! పెండ్లి కుదిరిందా? ముందే చెప్పకూడదా అమ్మా! మేమేమన్నా అడ్డం పడతామా?" గట్టిగా పిలిచారు. "ఏమప్పా, స్వీట్లు తెప్పించు. మన పిల్లకి పెండ్లి కుదిరింది."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తర్వాత, ఎందుకు, అనిపించి మూశాను. స్వీట్లు వచ్చాయి, ధార్వాడ పేడాలు. విభాగం అంతా వచ్చి చేతులు కడుక్కోకుండా తీసుకుని, నాకు అభినందనలు చెప్పి వెళ్ళింది. నేనూ ఒకటి తిన్నాను. బాగానే ఉంది.

సీనియర్ రెండోది నోట్లో వేసుకుంటూ, "అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అని అడిగాడు.

"ఇంకా తెలీదన్నా" అన్నాను.